పొడుగు లెన్సు పెద్దమనిషి

ఆయన పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది క్యారేజీ వరలక్ష్మి గారు. ఏలూరులో ఒంటరిగా ఉండే పెన్షనర్లకీ, ఉద్యోగస్తులకీ ఇంటింటికీ తిరిగి భోజనం క్యారేజీలు ఇస్తారావిడ. ఆ వేళ గుడి పక్కనున్న మా ఇంటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయిగారూ, మీ లెన్సుల బాబాయిగారు ఇంక లేరండి. తలుపు కొట్టీ కొట్టీ పక్కవాళ్లని కేకేశానండి. కుర్చీలోనే ఉన్నారండి, కునుకు తీస్తున్నట్టు," అన్నారు. ఆయనకని తెచ్చిన క్యారేజీ చేతిలో అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక నా చేతిలో పెట్టేసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయారు. ఆ అన్నం గుడి వెనక ఆవుకి పెట్టాను. ఆయన కోసం చెయ్యడానికి నాకింకేమీ తోచలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. "నన్ను పేరెట్టి పిలిచే మనిషి ఒక్కరే మిగిలారమ్మా. ఆవిడ నాతో మాటలు మానేశారు," అనేవారు. పేరు సంగతి ఆవిడకే వదిలేస్తున్నాను.

ఆయన నాకెలా తెలుసో చెప్పాలి. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. అర్చకులైన మా నాన్నగారే మండపంలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. నాన్నగారి తరవాత అర్చకత్వం అన్నయ్యకి వచ్చింది. గుడిదాకా రాలేని ముసలివాళ్లకి, రోగులకి ఉత్సవమూర్తుల అలంకారం ఫొటో తీసి ఫోన్‌లో పంపే పని నాకు వచ్చింది. దీపాల వెలుగులో ఫోన్‌తో తీస్తే స్వామి ముఖం అలుక్కుపోయేది. అది చూడలేక ఒక భక్తుడు మిర్రర్‌లెస్ కెమెరా సమర్పించారు. ఉత్త కెమెరా. "లెన్సు మాత్రం మీ గుడికి తగ్గది మీరే చూసుకోండి," అన్నారు. లెన్సుల్లో ఇన్ని జాతులున్నాయని మాకేం తెలుసు? అన్నయ్యా, నేనూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్లాం. అక్కడ పెళ్లి ఫొటోగ్రాఫర్లకి లెన్సులు అమ్మే, అద్దెకిచ్చే కొట్టు ఒకటుంది.

కొట్టాయన ఒక పెద్ద జూమ్ లెన్సు బయటికి తీసి, "ఇది పెట్టుకుంటే దగ్గరా దూరం అన్నీ ఇందులోనే అండి, ఇంకోటి కొనక్కర్లేదు," అని తిప్పి చూపిస్తున్నారు. కొట్టు మూల స్టూలు మీద తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన రబ్బరు బుడ్డితో తన లెన్సు మీదికి గాలి ఊదుకుంటున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఏవండీ అయ్యగారూ, మీ దేవుడు ఎంత దూరంలో ఉంటాడండి?"

అన్నయ్య తెల్లబోయాడు. వేదాంతం అడుగుతున్నాడనుకున్నాడు. "అంతటా ఉంటాడండి," అన్నాడు.

"అది కాదండీ. ఈ అమ్మగారు నిలబడే చోటి నుంచి."

నేను చెప్పాను, స్తంభం పక్కన నిలబడతాను, అక్కణ్ణుంచి రెండు బారలుంటుందని.

"కరెంటు దీపమా, నూనె దీపమా?"

"నూనె దీపాలేనండి."

"అయితే ఆ జూమ్ వద్దు. పగలు బాగానే చూస్తుంది గానీ, దగ్గరికి లాగేకొద్దీ దాని కన్ను చిన్నదైపోతుంది. గుళ్లో గుడ్డిదైపోతుంది. యాభై నంబరు లెన్సు తీసుకోండి, ఒకటి పాయింట్ ఎనిమిది. అది ముందుకీ వెనక్కీ జరగదు, మీరే జరగాలి. కానీ కన్ను పెద్దది. చిన్న వెలుగు కూడా వదలదు. పైగా మీది అద్దం లేని కెమెరా, చప్పుడు లేకుండా పెట్టుకోవచ్చు. మంత్రానికి అడ్డం రాదు."

కొట్టాయన నవ్వి, "ఈయన ఇక్కడ కూర్చుంటే నా వ్యాపారం సాగినట్టేనండి," అన్నారు గానీ యాభయ్యే తీసి ఇచ్చారు. ఆ సాయంత్రం మొదటిసారి స్వామి కనురెప్పలు కూడా ఫొటోలో కనిపించాయి. ఆ ఫొటో చూసి మంచాన పడున్న ఒక ముసలమ్మగారు ఫోన్ చేసి ఏడ్చారు. ఆ పెద్దమనిషికి రుణపడిపోయామని అన్నయ్య అన్నాడు. ఆయన ఉండేదీ ఏలూరే అని తెలిసి, శనివారం ప్రసాదానికి పిలిచాం. ఆ తరవాత పిలవక్కర్లేకుండానే ప్రతి శనివారం వచ్చేవారు. నేను బాబాయిగారూ అనడం మొదలెట్టాను.

వచ్చాక అరుగు మీద కూర్చునే ముందు ఆ రబ్బరు బుడ్డితో అరుగుని కూడా ఊదేవారు. ఆయన గదిలో లెన్సులన్నీ రబ్బరు మూతల డబ్బాల్లో ఉండేవి. కొల్లేటి చెమ్మకి అద్దాల మీద బూజు పడుతుందట. చెమ్మ పీల్చే గుళికల పొట్లాలు పెనం మీద మరమరాలు వేయించినట్టు వేయించి మళ్లీ డబ్బాల్లో పెట్టేవారు. ఆ పెనం మీద అట్టు వేసుకోగా ఎవరూ చూడలేదు. భోజనం వరలక్ష్మి గారి క్యారేజీయే. పాత లెన్సుల్ని కూడా ఒక రింగు బిగించి కొత్త కెమెరాకి తొడిగేవారు. "కెమెరాలు మారిపోతాయమ్మా. లెన్సు ఆడపిల్ల లాంటిది కాదు, పుట్టింట్లోనే ఉండిపోతుంది," అనేవారు.

మనుషుల్ని కూడా ఆయన లెన్సుల లెక్కనే చూసేవారు. "మీ అన్నయ్యగారు ఎనభై అయిదు లెన్సండి. కాస్త ఎడంగా నిలబడి చూస్తే ఎంత అందమైన మనిషో! మరీ దగ్గరికెళ్తే సందేహాలెక్కువ. తాడేపల్లిగూడెం కొట్టాయన వైడ్ యాంగిల్. ఏ మూల చూసినా ఆయనే."

మా వదిన ఊరుకుంటుందా? "మరి నేనో బాబాయిగారూ?" అంది.

"మీరు మాక్రో అమ్మా. చీమ మూతి మీద పంచదార పలుకు కూడా మీకు కనిపించాల్సిందే."

"బావుందండీ! ఇందాక పులిహోరలో ఇంకో రెండు జీడిపప్పులు వేసిపెట్టిన పాపానికా? మరి మీరేంటో?"

"నేను లెన్సు మూతనమ్మా. వాడేటప్పుడు తీసి జేబులో పడేస్తారు. తరవాత ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు."

వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంకో అలవాటు చెప్పకపోతే ఆయన బొమ్మ కుదరదు. మాట్లాడుతున్న మనిషి ఒక్క అడుగు దగ్గరికి వస్తే ఆయన ఒక అడుగు వెనక్కి వేసేవారు. కావాలని కాదు. ప్రసాదం ఇస్తుంటే చెయ్యి బాగా చాపి అందుకునేవారు. మాటల్లో పడి అన్నయ్య ముందుకీ, ఆయన వెనక్కీ జరిగి జరిగి, చివరికి ఆయన వీపు గోడకి తగిలేది. అప్పుడు "క్షమించండి" అనేవారు, గోడతో అన్నట్టు.

ఆయన దగ్గర అన్నీ పొడుగు లెన్సులే. మూడొందలు, నాలుగొందలు. అంకె పెరిగేకొద్దీ చూపు దూరం పోతుందట. ఇప్పుడు ఆరొందలు కొనాలా, ఉన్న నాలుగొందలకే వెనక చిన్న అద్దం తగిలించి దాని చూపు పెంచాలా అని శనివారం శనివారం తర్జనభర్జన. చిన్న అద్దం పెడితే వెలుగు తగ్గుతుంది. ఆరొందలైతే చేతులు మొయ్యలేవు, కాళ్ల స్టాండు కావాలి. "కొల్లేటి పిట్టలకి అంత దూరం కావాలాండీ?" అని అడిగితే, "కావాలమ్మా," అనేవారు. ఆదివారం ఉదయం కైకలూరు బస్సు ఎక్కి పోయేవారు. అందరం పిట్టల పిచ్చి అనుకున్నాం.

ఒక ఆదివారం, గూడకొంగలు బాగా దిగాయి, ఒక్కసారి చూసిరా అని వదిన నన్ను ఆయనతో పంపింది. కైకలూరులో బస్సు మారి, మండవల్లి అవతల రోడ్డు మీద దిగాం. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గట్లు, నీళ్లలో గాలి చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన స్టాండు నిలబెట్టి, నాలుగొందల లెన్సు బిగించి, చాలాసేపు చూసి పక్కకి తప్పుకున్నారు. "చూడమ్మా," అన్నారు.

కన్ను ఆనించి చూశాను. కొంగలు లేవు. చెరువు అవతల ఒక పెంకుటిల్లు, దాని అరుగు మీద ఒక పెద్దావిడ. ముదురు ఆకుపచ్చ చీర. ఒళ్లో చేట. సరిగ్గా మా వైపే చూస్తోంది. నీటి మీద ఎండ ఆవిరికి ఆవిడ ముఖం సన్నగా వణుకుతోంది.

"ఎవరండీ?"

"మా అక్క."

అక్కడే రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెప్పారు. తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. ఆయనకి సర్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మూడు కాళ్ల మీద దుర్భిణీ నిలబెట్టి కొలతలు తియ్యడం ఆయన పని. కొల్లేటి హద్దుల్లో ఉన్న చెరువుల గట్లు కొట్టేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు, అక్కాబావల చెరువు హద్దు లోపలికి వచ్చింది. "ఇంకొకర్ని పంపమని అడిగుంటే పంపేవారమ్మా. నా వాళ్లదని తప్పించుకోవడం ధర్మం కాదనుకున్నాను. నేనే దుర్భిణీ పెట్టాను. నేనే జెండా పాతించాను." గట్టు తెగింది. బావగారు మంచం పట్టి ఆ ఏడే పోయారు. పెద్దకర్మ నాడు అక్కగారు దీపం ముట్టుకుని అందరి ముందూ అన్నారట. వీడు నా గడప తొక్కకూడదు, వీడి నీడ కూడా నా గడప దాటి లోపలికి రాకూడదు అని.

"అప్పణ్ణుంచీ ఇలా చూసుకుంటున్నాను. మొదట్లో మూడొందలు చాలేది. ఇప్పుడు నా కళ్లూ తగ్గాయి, ఆవిడా తగ్గిపోయింది. చూడండమ్మా, ఎడమ కాలికి గుడ్డ చుట్టుంది. దెబ్బా, వాపా? లెన్సులో తెలియట్లేదు. ఆరొందలైతే తెలుస్తుందేమో." గొంతు తగ్గించి, "మీరు గట్టు మీంచి వెళ్లి అడిగొస్తారా? నేను పంపానని మాత్రం చెప్పకండి," అన్నారు.

వెళ్లాను. అరుగు దగ్గరికి చేరేసరికి ఆయాసం వచ్చింది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నేను నోరు తెరిచే లోపలే, "వాడు పంపాడా?" అన్నారు.

అబద్ధం ఆడలేను. తల దించుకుని నీళ్లు తాగాను.

"కాలికి వాపమ్మా. పసుపూ వేపాకూ కట్టాను. తగ్గుతుందని చెప్పు. పిట్టల పేరు చెప్పి ఆ గొట్టం వేసుకుని ప్రతి ఆదివారం దిగబడతాడు. పిట్టలుండేది అటు పక్క. ఆ మాత్రం నాకు తెలీదనుకుంటాడు."

"తెలిసే కూర్చుంటున్నారా పెద్దమ్మగారూ?"

"ఆదివారం మంచి చీర కట్టుకుని కూర్చుంటాను. బావున్నానని చూసుకుని పోతాడు, లేకపోతే వారమంతా తిండి మానేస్తాడు. చిన్నప్పుడూ అంతే, నాకు జ్వరం వస్తే వాడు అన్నం తినేవాడు కాదు." చేటలో బియ్యం ఒకసారి ఎగరేశారు. "కానీ ఒకటి చెప్పమ్మా. వాడికి నేను కనిపిస్తాను, నా ముఖం మీద ముడతలతో సహా. నాకు వాడు ఎలా కనిపిస్తాడు? గట్టు మీద కాకి వాలినట్టు. జుట్టు పండిందో, ఊడిందో కూడా నాకు తెలీదు. వాడిది చూపు. మరి నాది?"

ఒట్టుకి ప్రాయశ్చిత్తం ఉంటుంది, మా అన్నయ్యని అడిగి చెబుతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "దీపం ముట్టుకున్నానమ్మా. అన్న మాట అన్న మాటే. గడప దాటకూడదన్నాను గానీ గట్టు ఎక్కకూడదని అనలేదుగా? నేను గట్టు దాకా రాగలను. ఆ గొట్టం వదిలేసి వాణ్ణి రమ్మను. నాకు వాడి ముఖం చూడాలనుంది. ఇంక ఎన్నాళ్లుంటాం?"

తిరిగి వచ్చి చెప్పాను. కాలి సంగతి విని ఊపిరి పీల్చుకున్నారు. తక్కినది విని చాలాసేపు స్టాండు కాళ్లు ముడుస్తూ, విప్పుతూ ఉండిపోయారు. "నేను ఆవిడకి కనిపించనా?" అన్నారు చివరికి. ఇన్నేళ్లలో ఆ ఆలోచన ఆయనకి రాలేదు. ఏ లెన్సు వేస్తే ఆవిడ బాగా కనిపిస్తుందన్నదే ఆయన బాధంతా.

ఆ వచ్చే శనివారం ప్రసాదం ముట్టుకోలేదు. "ఏది తీసుకెళ్లనమ్మా?" అన్నారు.

"ఏదీ వద్దన్నారుగా ఆవిడ."

"మెడలో ఏదీ లేకుండా నిలబడలేనమ్మా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదినే తేల్చేసింది. "స్వామి యాభై ఉందిగా. అది దూరానివి దగ్గరికి లాగదుగా, మనిషే నడిచి వెళ్లాలి. అది పట్టుకెళ్లండి. మా ఆడపడుచు మోస్తుంది, మీరు చేతులు కట్టుకోండి."

అలాగే వెళ్లాం. గట్టు మీద ఆవిడ ముందే ఉన్నారు, కర్ర ఆనించుకుని. మేం నడుస్తుంటే ఆయన అడుగులు చిన్నవైపోయాయి. కొంచెం ఎడంగా ఆగిపోయారు. ఆవిడ కుంటుకుంటూ ఒక అడుగు వేశారు. ఆయన వెనక్కి ఒక అడుగు వేశారు. ఆవిడ ఇంకొకటి వేశారు. ఆయన ఇంకొకటి.

"ఒరేయ్, వెనక చెరువుందిరా. ఇంక ఎక్కడికి జరుగుతావు?"

ఆగిపోయారు. ఆవిడ దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని ముఖం ఎండకేసి తిప్పారు. ఎంతసేపు చూశారో. "నాన్నలా అయిపోయావేంట్రా," అన్నారు. తరవాత ఆయన్ని పేరుపెట్టి పిలిచారు. నేను విన్నాను. అందుకే రాయడం లేదు.

ఆయన చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. కాసేపటికి, "కాలు ఎలా ఉంది?" అన్నారు.

"లెన్సులో చూడలేదా?"

"చూశాను. నొప్పి కనపడదుగా."

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఒక్క ఫొటో తియ్యి. మళ్లీ వీడెప్పుడు పారిపోతాడో," అన్నారు. తీశాను. ఇద్దరూ కెమెరా వైపు చూడలేదు. ఆవిడ ఆయన ముఖం చూస్తున్నారు. ఆయన మాత్రం నేల చూస్తున్నారు, ఆవిడ కాలి గుడ్డ వైపు. యాభయ్యే కాబట్టి వాళ్లకి బాగా దగ్గరగా నేను నిలబడాల్సి వచ్చింది. అంత దగ్గరగా నిలబడనిచ్చినందుకు ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను.

మళ్లీ వస్తానని ఆయన చెప్పలేదు. రమ్మని ఆవిడా చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఆరొందలు ఇంక అక్కర్లేదనుకుంటానమ్మా," అన్నారు. తరవాతి ఆదివారాలు వానలు. చెరువుల మీద జల్లు, కనుచూపు మేర తెల్లగా. ఎండ వచ్చాక వెళ్దామన్నారు బాబాయిగారు. ఎండ రాకముందే వరలక్ష్మి గారు క్యారేజీతో మా గుమ్మంలోకి వచ్చారు.

కాలు వాపు మళ్లీ తిరగబెట్టి అక్కగారు ఏలూరు రాలేకపోయారు. ఆవిడ కొడుకు వచ్చి జరిపించాల్సినవి జరిపించాడు. దినాలయ్యాక ఆ ఫొటో ప్రింటు తీసుకుని వెళ్లాను. తాడేపల్లిగూడెం కొట్టాయన పెద్దది తీసి, అద్దం వేసి, ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఆ కొట్టు అంత ఖాళీగా కనిపించడం నాకదే మొదటిసారి.

అక్కగారు ఫ్రేము రెండు చేతులా అందుకున్నారు. కొంగుతో అద్దం తుడిచారు. తుడుస్తూనే లేచి, దేవుడి గదికేసి నడిచారు. గడప దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"వీడు లోపలికి రాకూడదు కదమ్మా."

"ఫొటోనే కదండీ పెద్దమ్మగారూ."

"నీడ కూడా అన్నాను. నోటితో అన్నాను."

అన్నయ్యని అడిగే వచ్చానని చెప్పాను. మనసారా ఒక దీపం వెలిగించి మాట వెనక్కి తీసుకుంటే చాలునన్నాడని, స్వామి ఎవర్నీ అంతగా పట్టుకోడని చెప్పాను. ఆవిడ విన్నారు. "మీ అన్నయ్యగారిది మంచి మనసమ్మా. కానీ ఆ దీపం నాది. ఆ రోజు నా మొగుడి పటం ముందు ముట్టుకున్నాను. ఆయనకి ఏం చెప్పను?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. పడమటింట్లో ఉన్న మేకు, సుత్తి తెమ్మని కోడల్ని పిలిచారు. గడపకి ఇవతల, అరుగు గోడకి, చూరు కింద ఫొటో కొట్టించారు. కొట్టించి, ఇంట్లోంచి తన మంచం బయటికి వేయించారు.

అప్పటి నుంచీ ఆవిడ పడక అరుగు మీదే. లోపల పడుకోమ్మా, దోమలు, చెమ్మ అని కొడుకు బతిమాలుతున్నాడట. "వాడొక్కడూ బయటెలా ఉంటాడ్రా," అంటున్నారట. కొల్లేటి గాలివాన ఎప్పుడూ ఆ గోడకేసే కొడుతుంది. ఫొటో మీద ప్లాస్టిక్ కవరు కట్టారు. జల్లు ఎక్కువైతే లేచి, దానికి అడ్డంగా కూర్చుంటారు.

ఇది చదివే అమ్మలకీ, అయ్యలకీ ఒక్క మనవి. ఆయన గురించి కాదు, ఆయన్ని నేను తలుచుకుంటాను. మీరు సాయంత్రం దీపం పెట్టుకునే వేళ, మబ్బు పట్టి ఉంటే, ఆ పెద్దమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మండవల్లి అవతల, అరుగు మీద తడుస్తున్న అక్కగారు అనుకోండి, చాలు.